రాణిబొమ్మ రూపాయలు

బేస్‌మెంట్‌లో డ్రయర్ ముందు గొంతుక్కూర్చుని కోటమ్మ పిల్ల గౌన్లు ఒక్కొక్కటే బయటికి లాగుతోంది. బట్టలు అప్పుడే ఇస్త్రీ చేసినంత వేడిగా ఉన్నాయి. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఎండ వాసన లేదు. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది, ఏనాడూ లేదు. గోడకి పైన, బయటి నేలమట్టానికి ఒక చిన్న కిటికీ ఉంది. దానికి మంచు అడ్డం పడి, నీలిమందు కలిపిన నీళ్లలాంటి వెలుతురు లోపలికి వస్తోంది.

ఆవిడ పొట్టి మనిషి. వెలిసిపోయిన నేతచీర మీద అల్లుడు రామమోహన్ విడిచిన ఊదారంగు స్వెట్టరు, కాళ్లకి అతని మేజోళ్లే. కుడి అరచేతిలో బొటనవేలి కింద కండ కాయకట్టి గట్టిపడింది. ఊహ తెలిసినప్పటి నుంచీ అప్పడాలు ఒత్తిన చెయ్యి అది.

విజయశ్రీ తల్లికి కోటమ్మ దూరపు చెల్లెలు. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోతే, తెనాలిలో వాళ్లింట్లో వంటకి చేరి, విజయశ్రీని చంకనేసుకుని పెంచింది. ఆ విజయశ్రీ మిషిగన్‌లో, ట్రాయ్‌లో నీళ్లాడబోతుంటే, "ఆర్నెల్లుండి వచ్చెయ్యి" అని విమానం ఎక్కించారు. ఆర్నెల్లు అయ్యాక పిల్లకి పళ్లొస్తున్నాయన్నారు. ఆ తర్వాత విజయశ్రీకి ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత చలికాలం వచ్చింది. వీసా పొడిగిస్తూ పోయారు. ఇప్పుడు విజయశ్రీకి మళ్లీ నెల తప్పింది. ఉండమని ఎవరూ కట్టెయ్యలేదు. వెళ్లమనీ ఎవరూ అనలేదు.

తలుపు తీస్తే రోడ్డుంది గాని రోడ్డు మీద నడిచే మనిషి లేడు. బెల్లు మోగితే తియ్యొద్దన్నారు. తప్పిపోతే చూపించమని కోటు లోపలి జేబులో ఇంటి అడ్రసు రాసిన చీటీ పెట్టారు. తప్పిపోవడానికైనా ఎక్కడికో ఒక చోటికి వెళ్లాలి గదా అనుకునేది కోటమ్మ.

"అత్తయ్యగారూ! రెడీయేనా?" పైనుంచి రామమోహన్ కేకేశాడు. "ఇప్పుడు స్టార్ట్ అవ్వకపోతే లైన్ పెరిగిపోతుంది."

"ఇదిగో బాబూ, వస్తున్నా" అని గౌన్లు మడతపెట్టి లేచింది.

ఆ 1980 జనవరిలో టీవీ పెడితే చాలు, వెండి గోలే. ఎవరో పెద్ద పెద్దవాళ్లు వెండంతా కొనేస్తున్నారట, ధర ఆకాశాన్నంటిందట, జనం అమ్మమ్మల నాటి చెంచాలు కూడా పట్టుకెళ్లి అమ్ముకుంటున్నారట. భోజనాల దగ్గర రామమోహన్ చెబుతుంటే కోటమ్మ అడిగింది: "మన పాత రూపాయల్లో ఉన్నదీ వెండే కదా బాబూ?"

అతను ఒక రూపాయి పట్టుకెళ్లి కనుక్కొచ్చాడు. వచ్చీ రాగానే నవ్వాపుకోలేకపోయాడు. "ఒక్కోదానికి టెన్ డాలర్స్ ఇస్తారటండీ. అంటే ఎనభై రూపాయలు. రూపాయికి ఎనభై రూపాయలు!"

కోటమ్మ నవ్వలేదు. ఆ రూపాయలు తన ఒక్కదానివీ కావు. అక్క శేషమ్మవీ, తనవీ. ఇద్దరూ తెనాలిలో ఒక శెట్టిగారింటికి అప్పడాలు ఒత్తేవారు. వంద ఒత్తితే అర్ధణా. అణాలు పోగై రూపాయి అయ్యేసరికి ఇద్దరి భుజాలూ పడిపోయేవి. ఆ రూపాయిని శేషమ్మ రాతిగడప మీద వేసి మోగించి, ఆ మోత పూర్తిగా ఆగేదాకా విని, అప్పుడు మూట కట్టేది. యుద్ధం రోజుల్లో రాణిబొమ్మ రూపాయలు ఇక చెల్లవని దండోరా వేశారు. శెట్టిగారు దయదలచి, పాతవి తెచ్చిస్తే కొత్తవిస్తానన్నాడు. కొత్తదాన్ని శేషమ్మ గడప మీద వేసి చూసింది. మోత రాలేదు. "చెల్లకపోతే మానె, వెండి వెండి కాకుండా పోతుందిటే?" అని పాతవే దాచేసింది.

విమానం ఎక్కే ముందు ఆ మూటే కోటమ్మ చేతిలో పెట్టింది. "మన కాగితాలు అక్కడ చెల్లవుట. ఇవుంచుకో. ఎప్పుడైనా వచ్చెయ్యాలనిపిస్తే ఒకళ్లని అడగక్కర్లేదు."

దసరా నుంచి శేషమ్మ మంచంలోనే ఉందని విజయశ్రీ అన్న భాస్కర్ కబురు పంపాడు. కోటమ్మ టికెట్ మాటెత్తింది. "ఇల్లు కొన్నాం కదండీ, సమ్మర్‌లో చూద్దాం" అన్నాడు రామమోహన్. అతను అబద్ధమాడే మనిషి కాదు. చేతిలో డబ్బాడటం లేదు, అంతే. అందుకే రూపాయి ఎనభై రూపాయలని వినగానే కోటమ్మ మూటలో రూపాయలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. తన డబ్బుతో తను వెళ్తానంటే ఎవరు మాత్రం కాదంటారు?

హైవే పక్క మోటెల్‌లో ఒక గది అద్దెకి తీసుకుని వెండి కొంటున్నారు. వరండా పొడుగునా జనం. ఒకావిడ చేతిలో కొవ్వొత్తుల స్తంభాలు, ఒక ముసలాయన చంకలో మేజోడు నిండా నాణేలు. లోపల మంచాలు గోడకి నిలబెట్టి, మధ్యలో బల్ల వేసి, దాని మీద తూకం యంత్రం పెట్టారు. బల్ల వెనకాల లావుపాటి మనిషి మూట విప్పి, రూపాయలన్నీ పళ్లెంలో బోర్లించాడు.

కోటమ్మ వంగి చూసింది. కిరీటం పెట్టుకున్న రాణి, బట్టతల ఎడ్వర్డు, ఏనుగుబొమ్మ దండ వేసుకున్న జార్జి, అందరూ ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. వాటిని చూస్తుంటే తెనాలి బజారంతా కళ్లముందుకొచ్చింది. నలుచదరపు బేడలు, అంచులు పువ్వులా ఉండే అణాలు, పిల్లలు మొలతాడుకి కట్టుకునే చిల్లుకాణీలు. కాణీ ఇస్తే దోసెడు మరమరాలు పోసేవాడు. ఇప్పుడా కాణీ ఏ దేశంలో చెల్లుతుంది?

"ఒకటి మోగించి చూడమనవయ్యా" అంది.

"అక్కర్లేదండీ. వాళ్లకి వెయిట్ చాలు."

"ఏం చేస్తారుట వీటిని?"

రామమోహన్ అడిగి చెప్పాడు. "మెల్ట్ చేసేస్తారటండీ. దిమ్మల్లా పోసేస్తారు."

ఆ మనిషి బొమ్మల వంక చూడనైనా చూడలేదు. యంత్రం మీద అంకెలు చూసి, పచ్చనోట్లు లెక్కపెట్టి, ఖాళీ గుడ్డ మడిచి మర్యాదగా కోటమ్మ చేతికిచ్చాడు.

కారు ఒక లైటు దగ్గర ఆగింది. కోటమ్మ నోట్ల కవరు అతని పక్కన సీటు మీద పెట్టింది.

"బాబూ, దీంతో నాకు టికెట్ కొనిపెట్టు. మా అక్కని చూసుకోవాలి."

లైటు పచ్చగా మారింది. వెనక కారు హారన్ కొట్టింది.

"విజయకి ఎలా చెప్పాలో..." అని రామమోహన్ కారు కదిలించాడు. కాస్త దూరం పోయాక, "సరేనండీ. మీరు వెళ్లడానికి ఇదే రైట్ టైమ్. సోమవారం ట్రావెల్ ఏజెంట్‌కి కాల్ చేస్తాను" అన్నాడు.

కోటమ్మ కిటికీలోంచి మంచు వంక చూసింది. మొదటిసారి అది అందంగానే ఉందనిపించింది. "దార్లో ఒక కాఫీపొడి సీసా కొను బాబూ. మా అక్కకి కాఫీ అంటే ప్రాణం" అంది. మళ్లీ తనే నవ్వి, "ఇప్పుడే ఎందుకులే" అంది.

ఇంటికి వచ్చేసరికి విజయశ్రీ వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పిల్ల విద్య ఆమె మోకాలు పట్టుకుని నిలబడింది. కోటమ్మ కోటు విప్పేసి, చేతులు కడుక్కుని, పళ్లెంలో గోధుమపిండి వేసి నీళ్లు పోసి కలపడం మొదలుపెట్టింది. తనే ముందు చెప్పేస్తే మంచిదనుకుంది.

"విజయా, నేను వెళ్తానమ్మా. అబ్బాయి సరేనన్నాడు. శేషక్కని చూసుకుని నీ పురిటికి మళ్లీ వచ్చేస్తా. ఏడవకే, ఇంకా వెళ్లందే!"

విజయశ్రీ లేచి వచ్చి ఆవిడ భుజం పట్టుకుంది.

"పిన్నీ... మీరిద్దరూ బయటికెళ్లాక భాస్కరన్నయ్య ట్రంక్ కాల్ చేశాడు. పెద్దమ్మ పోయింది."

కోటమ్మ చేతులు పిండిలోనే ఆగాయి.

"ఎప్పుడు?"

"నిన్న తెల్లవారుజామున. నిద్రలోనే."

"నోట్లో నీళ్లెవరు పోశారు?"

"అన్నయ్యే. అన్నీ దగ్గరుండి చేశాట్ట."

కోటమ్మ తలూపింది. రామమోహన్ కవరు చేత్తో పట్టుకునే ఉన్నాడు. "టికెట్ ఎప్పటికి బుక్ చెయ్యమంటారండీ?" అనేసి, ఎందుకన్నానా అన్నట్టు తల దించుకున్నాడు.

"ఎవరింటికి బాబూ?" అంది కోటమ్మ.

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. జవాబు కోసం అతని మొహంలోకి, విజయశ్రీ మొహంలోకి చూసింది.

"బ్యాంకులో వేసెయ్యండి. పురిటి ఖర్చులుంటాయి" అంది. వేళ్ల సందున అంటుకున్న పిండి గోకి దులుపుకుంది. "చావుకబురు విన్నాక తలమీద నీళ్లు పోసుకోవాలి. పొయ్యి మీద పప్పుంది, చూసుకో అమ్మా."

మెట్లెక్కి వెళ్లింది. కాసేపటికి పైన నీళ్ల చప్పుడు మొదలైంది, ఎంతకీ ఆగలేదు.

కింద వంటింట్లో, గట్టు మీద పళ్లెంలో, సగం కలిపిన పిండి అలాగే ఉంది. దాని మీద కోటమ్మ వేళ్లు దిగిన గుంటలు అంచుల దగ్గర్నుంచి నెమ్మదిగా ఎండుతున్నాయి.