ఓడ నుంచి వచ్చిన ఉత్తరం

నా నోరు మంచిది కాదని మచ్చ బొల్లారంలో మా కాలనీ అంతా అంటుంది. అననీ. ఈ నోరే లేకపోతే నా మొగుడు సాలోమోను తాగి తాగి ఎప్పుడో సమాధుల తోటకు చేరేవాడు.

ఆయన నేవీలో పదిహేనేళ్లు చేశాడు. అందులో తొమ్మిదేళ్లు ఒకే యుద్ధనౌక మీద, అడుగున ఇంజన్ గదిలో. బయటికొచ్చాక జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ బాయిలర్ దగ్గర కుదిరాడు. మనిషి ఇక్కడ, మనసు అక్కడ. ఎవరింటికి భోజనానికి పోయినా "మా ఓడల..." అని మొదలుపెడితే పెళ్లామైన నాకు సిగ్గేసేది. ఓడ నాకు సవతి అయిందని ఎన్నిసార్లు తిట్టానో! నిజానికి నా కోపం ఓడ మీద కాదు. దాని పేరు చెప్పుకుని ఏడాదికోసారి కలిసే స్నేహితుల మీద. వాళ్లు కలిస్తే రమ్ము. ఒకసారి ముట్టుకుంటే మూడు నెలలు వదిలేవాడు కాదు.

నాలుగేళ్ల కిందట చర్చిలో అందరి ముందు బైబిలు మీద చెయ్యి పెట్టించి, ఇక తాగనని ఒట్టు వేయించాను. ఓడ వాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి తీయించాను. ఫోన్ నంబరు కూడా మార్పించాను. నిలబడ్డాడు మహానుభావుడు. చుక్క ముట్టలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ ఉత్తరం వచ్చింది. మందపాటి కవరు, మీద లంగరు బొమ్మ. ఆయన డ్యూటీలో ఉన్నాడు. చించి చూస్తే లోపల ఓడ ఫొటో, రెండు పేజీల ఇంగ్లీషు. నాకు తెలుగు బైబిలు తప్ప ఇంకేం చదవరాదు. ఇంకేముంది, మళ్లీ రమ్ముకు పిలుపు అనుకున్నాను. బీరువాలో చీరల కింద తోసేశాను. మా అమ్మాయి రేచల్‌కు కూడా చూపించలేదు. అది నాయిన కూతురు, కడుపులో మాట దాగదు.

పోయిన నెల టీవీ వార్తల్లో ఆ ఓడను చూపించారు. పాతబడిందని మూడేళ్ల కిందట నేవీ వాళ్లు దానికి సెలవిచ్చి పక్కన పెట్టారట. ఇప్పుడు నడి సముద్రంలోకి లాక్కుపోయి, తమ గురి పరీక్షించుకోవడానికి వాళ్లే క్షిపణితో కొట్టారు. పొగగొట్టం చూసి ఈయన గుర్తుపట్టాడు. అది రెండు ముక్కలై మునిగిపోతుంటే ఆయన నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"సెలవిచ్చే దినం పాతోళ్లందర్ని పిలుస్తరు దానమ్మా," అన్నాడు. "నన్ను పిలువలే. ఇంజన్ గదిలోన్ని ఎవరు యాదికుంచుకుంటరు తియ్యి."

ఆ రోజు నుంచి ఓడ మాట ఎత్తలేదు. గోడ మీది ఫొటో తీసి అటక మీద పడేశాడు. ఇరవై ఏళ్లు ఆ మాట ఆపమని తిట్టింది నేనే. ఆపేశాక తట్టుకోలేకపోయింది కూడా నేనే. చీరల కింద ఉన్నది ఆ పిలుపేనని నాకు అప్పుడు వెలిగింది. పిలిచారయ్యా అని చెప్పాలి. చెబితే ఏమంటాడో అని భయం. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. ఉత్తరం మాత్రం సంచిలో పెట్టుకుని తిరిగాను.

మొన్న శనివారం శామీర్‌పేట చెరువుకు చేపల కోసం పోయాం. కట్ట మీద ఇస్తారి అనే ముసలాయన చేపలు తూస్తున్నాడు.

"నడుమల ఎంత లోతుంటది?" అని అడిగాడు ఈయన.

"ఇద్దరు మనుషులు మునిగేటంత ఉంటది సారూ."

"మాది రెండు మైళ్ల లోతుల పండుకుంది."

ఇస్తారి తక్కెడ ఆపేశాడు. "అయ్యో, ఎవరు సారూ, ఇంట్లోళ్లా?"

"ఇంట్లోళ్ల లెక్కనే. సమాధి ఉంటే సున్నమన్నా ఏస్తుంటిమి."

ఇక నావల్ల కాలేదు. ఆయన్ను పక్కకు లాగి ఉత్తరం చేతిలో పెట్టాను.

"నిన్ను పిలిచిండ్రయ్యా. నేనే దాసిపెట్టిన. మళ్ల తాగుతవని."

కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఏం రాసిండ్రయ్యా?"

"ఓడ మీద మొదటి దినం జెండ ఎగరేసింది నేనే. అప్పుడు అందర్ల చిన్నోన్ని నేనని నాతోని ఎగరేయించిండ్రు. ఆఖరి దినం గూడ నన్నే దించమన్నరు." కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "ఇగో, గిది నీ పేరు. నిన్ను గూడ తోలుకరమ్మన్నరు."

నా పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. కట్ట మీదే కూలబడి ఏడ్చాను.

"మరి జెండ ఎవరు దించిండ్రో?" అన్నాను.

"ఎవరో ఒకరు దించే ఉంటరు. నా కోసం ఆగుతదా?"

ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నన్ను లేపడానికి చెయ్యి అందించాడు. నేను లేచాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

"పోయినా తాగకపోతుంటి దానమ్మా," అన్నాడు.