రేకు పళ్ళెం

జిప్‌కి ఆ ఆదివారమే ఆఖరి అవకాశం.

రాత్రిపూట లాంపు వేసి కుక్కలతో నక్కల్ని పట్టేవాళ్ళకి మా రోస్కామన్‌లో ఒక మాట ఉంది. కుక్క ‘జాక్’ అయింది అంటారు. నక్కని అందుకుని కూడా పళ్ళు దించకుండా నిలబడిపోయింది అని అర్థం. గాయపడి వెనక్కి వస్తే అది జాక్ కాదు. ఒళ్ళు బాగుండి, కాళ్ళు బాగుండి, వద్దనుకుంటేనే జాక్. ఒకసారి అయితే చూసీచూడనట్టు పోనిస్తారు. రెండోసారికి ఊళ్ళో బార్లో కూడా తెలిసిపోతుంది. మూడోసారి తర్వాత ఆ కుక్క ఏమైందని ఎవరూ అడగరు.

జిప్ జనవరిలో ఒకసారి జాక్ అయింది. పోయిన వారం మళ్ళీ అయింది. బూడిదరంగు ఆడకుక్క, గ్రేహౌండు నడుము, మూడేళ్ళ వయసు. నా భర్త మాలకీ దాన్ని పిల్లగా ఉన్నప్పుడు కోటు జేబులో పెట్టుకుని తెచ్చాడు. పెంచింది మాత్రం నేను. మాలకీ పాల లారీ నడుపుతాడు. తెల్లవారుజామున మూడింటికి లేవాలి కాబట్టి వేట లేని రోజుల్లో ఏడింటికల్లా మంచమెక్కుతాడు. చీకటి పడుతుండగా జిప్‌కి తిండి పెట్టడం నా పని. రేకు పళ్ళెం మీద చెంచాతో మూడుసార్లు కొడతాను, కాస్త ఆగి ఇంకోసారి. జిప్ వచ్చి పళ్ళెం ముందు కూర్చుంటుంది. “తిను” అనేదాకా ముట్టుకోదు. అలా నేర్పాను.

నవంబరు నుంచి ఆ చప్పుడుకి ఇంకొకరు కూడా వస్తున్నారు. కంచె కింద నుంచి ఒక ఆడనక్క, ఎడమ చెవి చీలినది. జిప్ తిని వెళ్ళాక మిగిలిన బంగాళదుంప తొక్కలు, బేకన్ అంచులు తినేది. కొన్నాళ్ళకి నేను కావాలనే మిగల్చడం మొదలుపెట్టాను. ఈ సంగతి మాలకీకి చెప్పలేదు. మార్చి వచ్చేసరికి దాని పొట్ట నేలకి దిగింది.

ఆ ఆదివారం హన్లీ పొలాల్లో వేట. గొర్రెలు ఈనే రోజులు. గొర్రెపిల్లల్ని నక్కలు ఎత్తుకుపోతున్నాయని ముసలి హన్లీయే పిలిచాడు. వ్యాను దగ్గరికి వచ్చి కిటికీలో తల పెట్టి ఒకే మాట చెప్పాడు.

“కుక్క ఏదైనా గొర్రెల్లో తాడు లేకుండా తిరిగిందా, నేనే కాలుస్తా. తర్వాత నన్నేమీ అనకండి.”

అన్న పని చేసే మనిషి. కిందటేడు ఎవరిదో కుక్కని పొట్టలో కాల్చాడు. అది రోడ్డుదాకా పాక్కుంటూ రావడానికి తెల్లారింది. పాల లారీలో వెళుతూ చూసింది మాలకీయే.

మేము ముగ్గురం. మాలకీ, అతని తమ్ముడు ఫింటన్, నేను. తుపాకీ ఫింటన్ భుజాన, బ్యాటరీ సంచి నా భుజాన, లాంపు నా చేతిలో. లాంపు పట్టడం, నక్కని పిలవడం రెండూ నావే. అరచేతి వెనక చర్మాన్ని పెదాలతో గట్టిగా పీలిస్తే ఉచ్చులో పడ్డ కుందేలు అరిచినట్టే ఉంటుంది.

“ఏంటి వదినా, నీ చేతికి నువ్వే ముద్దులు పెట్టుకుంటున్నావ్? అన్నయ్య బొత్తిగా మానేశాడా?” అన్నాడు ఫింటన్.

“నువ్వు నోరు మూస్తే నక్క వస్తుంది. నీ గొంతు వింటే హన్లీ పెళ్ళాం వస్తుంది.”

“వస్తే రానీ. నాకంటే స్వీప్‌కే భయం ఆవిడంటే.”

స్వీప్ వాడి కుక్క. నల్లది, మూతి నిండా పాత గాట్లు. నేను రెండోసారి పిలిచేసరికి ముళ్ళపొదల అంచున రెండు కళ్ళు వెలిగాయి. వెలుతురు వాటి మీద నిలిపాను. ఫింటన్ తాడు వదిలాడు. ఆ నక్క మూడుసార్లు మలుపు తిరిగింది, నాలుగోసారి తిరగలేదు. స్వీప్ నడుం పట్టి విదిలించింది. నక్క ఎదురు కరిచి దాని పెదవిని వదల్లేదు. రెండూ అలాగే లాక్కున్నాయి. అది చచ్చేదాకా నేను వెలుతురు తీయకూడదు, తీయలేదు. చాలాసేపే పట్టింది. ఫింటన్ తోక పట్టుకుని నక్కని పైకెత్తి జిప్ మూతికి అటూ ఇటూ రాశాడు.

“వాసన చూడమ్మా, నీకు ఇంట్లో పెట్టేది కాదిది.”

జిప్ తల తిప్పుకుంది.

“దీన్ని మూడోసారి కింద లెక్కపెట్టంలే, ఊరికే చూపించాను,” అని నవ్వాడు.

మాలకీ నవ్వలేదు. “ఇప్పుడు దీని వంతు,” అన్నాడు. “ఈసారి కూడా వదిలేసిందంటే దీన్ని ఇంటిదాకా తీసుకెళ్ళను.”

నేను ఆ వారమంతా దీని గురించే ఆలోచించాను. ధైర్యం పోయిన కుక్కకి ఒక్క సులువైన నక్క దొరికితే చాలు, నోటికి ఒకసారి రుచి తెలిస్తే మళ్ళీ జాక్ కాదంటారు. సులువైన నక్క అంటే పరిగెత్తలేనిది, మనిషిని నమ్మి దగ్గరికి వచ్చేది. అలాంటిది నాకు ఒకటి తెలుసు.

“మన ఇంటి వెనక ఉన్న హన్లీ చిన్న పొలంలోకి పోదాం,” అన్నాను. “అక్కడ ఒక ఆడనక్క ఉంది. నిండు కడుపుతో ఉంది. జిప్ నడిచి వెళ్ళి పట్టుకోవచ్చు.”

మాలకీ నా వైపు తిరిగాడు. “ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?”

“ఇప్పుడు చెప్తున్నానుగా.”

“చెవి చీలినదా? అది లాంపు చూస్తే కళ్ళు మూసుకుని పారిపోతుందే. రెండేళ్ళుగా ఎవడి పిలుపుకీ రాలేదు.”

“నా పిలుపుకి వస్తుంది.”

చిన్న పొలంలో గొర్రెలు పై గట్టున పడుకుని ఉన్నాయి. గాలి మా వైపే వీస్తోంది. లాంపు ఆర్పేసి, కోటు లోపలి నుంచి రేకు పళ్ళెం, చెంచా తీశాను.

“వదినా, డిన్నర్ ఇక్కడేనా? చెప్తే నాప్కిన్ తెచ్చుకునేవాణ్ణి,” అని గుసగుసలాడాడు ఫింటన్.

మూడుసార్లు కొట్టాను. ఆగి, ఇంకోసారి. పళ్ళెం గడ్డి మీద పెట్టి పదడుగులు వెనక్కి వచ్చాను. చీకట్లో ఎండు ఆకులు కదిలాయి. తర్వాత రేకు మీద గోరు తగిలిన చప్పుడు. లాంపు వేశాను.

ఆడనక్క పళ్ళెం దగ్గరే ఉంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. వెలుతురు వెనక ఉన్నది నేనని పళ్ళెం చప్పుడుకే తెలిసినట్టుంది.

మాలకీ తాడు వదిలాడు.

జిప్ ఎంత అందంగా పరిగెత్తేదో ఆ పది అడుగుల్లోనే కనిపించింది. పట్టు, పట్టు అని లోపలే అనుకున్నాను. జిప్ పళ్ళెం దాకా వెళ్ళి ఆగింది. నక్క ఒక అడుగు పక్కకి జరిగి, ఎప్పటిలాగే తన వంతు కోసం చతికిలబడింది. జిప్ పళ్ళెం ముందు కూర్చుంది, నేను చెప్పే మాట కోసం నా వైపు చూసింది.

వెలుతురులో ఆ రెంటినీ అలా చూశాక అర్థమైంది. నవంబరు నుంచి రోజూ సాయంత్రం ఒకే పళ్ళెంలో తిన్నాయి. జిప్ ముక్కుకి నక్క వాసన అంటే తన తర్వాత తినే తోటిది. భయపడి జాక్ అయింది కాదు. దానికి ఆ అలవాటు చేసింది నేను.

“ఓరి నాయనో,” అన్నాడు ఫింటన్. “అన్నయ్యా, ఇది వేట కాదు, పెళ్ళిభోజనం. పెళ్ళికూతురికి అప్పుడే కడుపు కూడా!”

“కాల్చు,” అన్నాడు మాలకీ.

ఫింటన్ తుపాకీ ఎత్తాడు. నక్క ఉన్నచోటే ఒరిగిపోయింది. దాని పొట్ట మాత్రం ఇంకా కాసేపు కదిలింది. తుపాకీ చప్పుడంటే జిప్‌కి ప్రాణభయం. గట్టు ఎక్కి గొర్రెల్లోకి పారిపోయింది. గొర్రెలు లేచి అరవడం మొదలుపెట్టాయి. దూరంగా హన్లీ ఇంట్లో మేడమీద దీపం వెలిగింది.

మాలకీ ఈల వేశాడు, పేరు పెట్టి పిలిచాడు. రాలేదు. నక్క పక్కన పడున్న పళ్ళెం తీసుకొచ్చి నా ముందు పట్టుకున్నాడు.

“పిలువు.”

“నేను పిలవను.”

“ఎవరి తిండి తిని ఇలా అయిందో వాళ్ళే పిలవాలి.”

“పిలవను, మాలకీ.”

“అయితే నువ్వూ జాక్ అయ్యావన్నమాట,” అని చెంచా లాక్కుని టకటకా కొట్టాడు. చీకట్లో ఏ కదలికా లేదు. మళ్ళీ కొట్టాడు, ఇంకా గట్టిగా. హన్లీ ఇంట్లో కింది దీపం కూడా వెలిగింది. తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

“అన్నయ్యా, ముసలోడు వస్తున్నాడు,” అన్నాడు ఫింటన్. వాడి గొంతులో నవ్వు లేదు. “వాడు చీకట్లో ఎక్కడ తగిలితే అక్కడ కాలుస్తాడు.”

రోడ్డుదాకా పాకిన కుక్క గుర్తొచ్చింది.

“మూడు,” అన్నాను. “కాస్త ఆగి, ఇంకొకటి.”

మాలకీ అలాగే కొట్టాడు. ఇంకా ఆఖరి చప్పుడు ఆగకముందే జిప్ గట్టు దిగింది. చెవులు వెనక్కి పెట్టుకుని, తోక ఊపుకుంటూ, నక్క పక్కనుంచే వచ్చింది. మాలకీ పళ్ళెం గడ్డి మీద పెట్టి తమ్ముడి చేతిలోంచి తుపాకీ అందుకున్నాడు. జిప్ పళ్ళెం ముందు కూర్చుంది. ఒళ్ళంతా వణుకుతోంది. అయినా పద్ధతి తప్పలేదు.

“లాంపు ఆర్పి వ్యాన్లోకి పో, ఊనా,” అన్నాడు మాలకీ, కొంచెం మెత్తగానే. “నువ్వు చూడక్కర్లేదు.”

ఆర్పలేదు. చీకట్లో అతని గురి కూడా హన్లీ గురి లాంటిదే. జిప్ అతన్ని గాని, తుపాకీని గాని చూడటం లేదు. తల ఎత్తి వెలుతురులోకి, నా వైపే చూస్తోంది. తల అలా ఎత్తి ఉంటే ఒక్క దెబ్బకి పోదు.

వెలుతురు దాని మెడ మీదికి దించి, చెయ్యి కదలకుండా పట్టుకున్నాను.

“తిను,” అన్నాను.

జిప్ ఖాళీ పళ్ళెం మీదికి తల వంచింది.