నాలుగు ఫ్యాన్లు

ముప్పయ్యో వరస దాటి ముప్పై ఒకటో వరసకు వచ్చేసరికి ఆయన వేలు ఎప్పటిలాగే ఆగింది. ఒక్క క్షణం ఆగి, ఎప్పటిలాగే కిందికి జారిపోయింది.

తెరమీద మొత్తం నూట పద్దెనిమిది వరసలు. ఒక్కో వరసా ఒక్కో కంపెనీ, లేదా ఆ కంపెనీలు వాడి పారేసిన కంప్యూటర్లను విప్పే ఒక్కో షెడ్డు. ఆ ఊళ్లోని చిన్నా పెద్దా కంప్యూటర్ కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న సంఘానికి ఆఫీసు అది, మూడో అంతస్తులో. సంఘం ప్రభుత్వానికి అర్జీలు రాస్తుంది, సభలు జరుపుతుంది, శిక్షణ తరగతులు పెడుతుంది. పదేళ్ల నుంచి భూమిని కూడా కాపాడుతోంది. ఎంత కాపాడిందీ ఏటేటా ఒక పుస్తకంలో వేస్తుంది. దట్టమైన అట్టతో, వాడిన కాగితాన్ని మళ్లీ కాగితం చేసి అచ్చువేసే ఆ పుస్తకాన్ని అందరూ పచ్చ పుస్తకం అంటారు. అందులోని అంకెలన్నీ ఈయన చేతిమీదుగా పోవలసినవే. అందుకే ఆఫీసులో ఆయనకు ఫారాలాయన అని పేరు స్థిరపడిపోయింది. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు.

మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఇరవై నాలుగేళ్లు ఒకే ఎత్తు బల్ల ముందు కూర్చున్నందువల్ల మెడ కాస్త ముందుకు వచ్చేసింది. చొక్కా చేతుల బొత్తాలు ఎండాకాలంలో కూడా విప్పడు. కళ్లజోడు తాడుకు వేలాడుతూ గుండెల మీద చప్పుడు చేస్తుంటుంది. ఆయన లేకపోతే పని ఆగిపోతుందని ఎవరూ అనలేదు, పనికిరాడనీ ఎవరూ అనలేదు. తొమ్మిదిన్నరకు వస్తాడు, ఆరింటికి వెళతాడు, టీ తాగిన గ్లాసు తానే కడుక్కుంటాడు.

ఒక్కో వరసకూ ఒక్కో ఫారం, దాని చివర రెండు గడులుంటాయి. ఒకటి "స్వయంగా చూశాను", రెండోది "వాళ్ల మాట మీద రాశాను". రెండో గడిలో టిక్కు పెడితే ఆ వరస మొత్తం పసుపురంగుకు తిరుగుతుంది. పసుపు కనపడితే సంఘం కార్యదర్శి పిలుస్తుంది. ఉత్తరాలు రాయాలి, బండి అడగాలి, ఊరి చివరకు పోయి దుమ్ములో నిలబడాలి. అందుకని ఆ గదిలో పనిచేసిన ఏ ఒక్కరూ రెండో గడి జోలికి పోలేదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే నేర్పే విద్య అది. "పసుపు రానీకండి, అంతే," అంటాడు ఫారాలాయన. ఆ మాట అనేటప్పుడు ఎదుటివాళ్ల మొహంలోకి మాత్రం చూడడు.

ముప్పై ఒకటో వరస ఆయన బావమరిది పనిచేసే షెడ్డు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయాక ఆవిడే పెంచింది. అతను పనిచేసే దుకాణం మూతపడి ఖాళీగా తిరుగుతున్నప్పుడు, తొమ్మిదేళ్ల కిందట, ఫారాలాయనే ఒక మాట చెప్పి ఆ షెడ్డులో పెట్టించాడు. "మా సంఘం కనిపెట్టుకుని ఉండే చోటు. ఏం భయం లేదు," అని భార్యకు గొప్పగా చెప్పాడు. ఆయన జన్మలో గొప్పగా చెప్పుకున్నవి రెండో మూడో ఉంటే అందులో అదొకటి.

ఆరేళ్ల కిందట ఫారంలో కొత్త ప్రశ్న చేరింది. పొగ లాగే ఫ్యాన్లు ఎన్ని? షెడ్డుకు ఫోన్ చేస్తే బావమరిదే తీశాడు.

"గోడకి నాలుగు కన్నాలు కొట్టారు బావా. ఫ్యాన్లు వచ్చేవారం బిగిస్తారట."

వచ్చేవారమే కదా అని ఈయన నాలుగు అని వేశాడు. పసుపు రాకూడదు కదా అని మొదటి గడిలో టిక్కు పెట్టాడు. మరుసటేడు పాత ఫారం మీదే కొత్త తేదీ వేశాడు. ఆ పై ఏడూ అంతే. గోడకున్న నాలుగు కన్నాలు పుస్తకంలో నాలుగు ఫ్యాన్లై ఆరేళ్లుగా తిరుగుతూనే ఉన్నాయి. భార్యకూ అదే చెప్పాడు. ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడు బావమరిది దగ్గేవాడు. మొదట్లో చాటుకు వెళ్లి దగ్గేవాడు, తర్వాత అన్నం ముందే. ఫ్యాన్లు వచ్చాయా అని ఈయన ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని భయం.

పదకొండు కావస్తుండగా ఆసుపత్రి నుంచి భార్య ఫోన్ చేసింది.

"రాత్రంతా ఆయాసమేనండీ. మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ వస్తుందట. ఎక్కడ పనిచేశాడు, ఏం పీల్చాడు, అన్నీ అడుగుతుందట. వాడు ఎక్కువ మాట్లాడలేకపోతున్నాడు. మీకైతే అన్నీ తెలుసు కదా, వచ్చి చెప్పండి."

"సభ ఉంది. అవగానే వస్తా."

"ఫ్యాన్లూ అవీ ఉన్నాయని కూడా చెప్పండి. మర్చిపోయేరు."

ఆయన ఫోన్ పెట్టేసి కళ్లజోడు తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్లీ తుడుచుకున్నాడు.

సభ కింది అంతస్తు హాల్లో. వేదికకు రెండు పక్కలా అద్దెకు తెచ్చిన కుండీల్లో మొక్కలు పెట్టారు. పుస్తకం విడుదల చేశారు, ఫోటోలు దిగారు. ఇరవై రెండో పేజీలో ముప్పై ఒకటో వరస షెడ్డు గురించి నాలుగు మంచి మాటలున్నాయి, పక్కన తెల్లటి బల్ల ముందు తెల్లటి మాస్కు కట్టుకున్న మనిషి బొమ్మ. ఆ బొమ్మ ఎక్కడిదో ఫారాలాయనకే తెలియదు. చివర్లో కార్యదర్శి మైకు దగ్గరకు వచ్చి ఆయన వైపు చెయ్యి చూపింది.

"ఇందులో ప్రతి అంకెనీ కళ్లారా చూసి రాసిన మనిషి మన మధ్యే ఉన్నారు. రెండేళ్లలో రిటైరవుతారు. ఒకసారి లేచి నిలబడండి సార్."

ఆయన లేచాడు. నూటయాభై మంది చప్పట్లు కొట్టారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. భూమిని కాపాడేవాళ్ల సభలో అలా కోరుకున్నవాడు బహుశా ఆయనొక్కడే. సిగ్గు అంటే ఏమిటో యాభై ఎనిమిదేళ్లకు ఆ చప్పట్ల మధ్య తెలిసింది. తెలిసినా నోరు విప్పలేదు, నవ్వి కూర్చున్నాడు.

భోజనాలకు ఆగకుండా బస్సెక్కాడు. ఆసుపత్రి రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం బావమరిదిది. నలభై ఒక్కేళ్లవాడు, అరవై దాటినట్టున్నాడు. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి, బలంగా, వెడల్పుగా. గోళ్ల చుట్టూ నలుపు ఎన్ని సబ్బులకూ పోనిది. మూతిమీద గాలి గొట్టం మాస్కు. భార్య మందులకు కిందికి వెళ్లింది. ఆ వెళ్లిన సమయంలోనే డాక్టరమ్మ వచ్చింది.

"ఏం పని చేస్తారు?"

బావమరిది మాస్కు కాస్త పక్కకు జరిపాడు. "పాత కంప్యూటర్లు విప్పుతామండి. బోర్డులు వేడిచేసి ముక్కలు ఊడదీస్తాం. వైర్లు కాల్చి రాగి తీస్తాం."

"పొగ బయటికి పోయే దారి ఉందా? సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి. దాన్నిబట్టే నేను మందు మార్చాలి."

అతను బావ వైపు చూశాడు. ఎక్కువసేపేం కాదు.

"ఉందండి. ఫ్యాన్లు నాలుగున్నాయి."

డాక్టరమ్మ ఫారాలాయన వైపు తిరిగింది. "మీరు చూశారా?"

ఆరేళ్లుగా టిక్కు పెట్టిన ప్రశ్నే. చేతికి అలవాటైపోయింది, మెడకు కూడా అలవాటైపోయినట్టుంది. తల ఊపాడు. ఆవిడ రాసుకుని వెళ్లిపోయింది.

"ఎందుకురా అలా చెప్పావు?"

"పుస్తకంలో నువ్వు రాసిందే చెప్పాను బావా." ఒక్కో మాటకూ ఊపిరి పోగుచేసుకుంటున్నాడు. "ఇంకా రెండేళ్ల సర్వీసుంది నీకు. నా మూలంగా నీకు మాట రాకూడదు."

"పుస్తకం నువ్వెక్కడ చూశావు?"

బావమరిది నవ్వబోయాడు, నవ్వు దగ్గులోకి తిరిగింది. "ఏటా మా ఓనరుకి పంపుతారుగా. అట్ట మందంగా ఉంటుంది. చలిగాలి కొడుతోందని... ఆ కన్నాలకి వాటినే అడ్డం పెట్టాం. పిసరు గాలి కూడా రాదు. మంచి అట్ట బావా."

అతను ఎగతాళికి అనలేదు. అట్టను నిజంగానే మెచ్చుకున్నాడు. అతను ఒక్క తిట్టు తిట్టినా ఫారాలాయన తట్టుకునేవాడు. ఈ మంచితనాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లేచి నిలబడ్డాడు. "ఇప్పుడే వస్తా," అన్నాడు.

డాక్టరమ్మ పై అంతస్తులో ఉంది. లోపల వేరే రోగుల్ని చూస్తోంది, కూర్చోండి అన్నారు. తలుపు తోసుకుని వెళ్లే మనిషి కాదు ఆయన. బెంచీ మీద కూర్చుని, ఏం చెప్పాలో మనసులో రాసుకున్నాడు, కొట్టేశాడు, మళ్లీ రాసుకున్నాడు. "నేను పొరపాటుపడ్డాను" అని మొదలుపెడితే అబద్ధమవుతుంది. "నాకు సరిగ్గా గుర్తులేదు" అన్నా అబద్ధమే. ముప్పావుగంట గడిచింది. తలుపు తెరుచుకుని ఆవిడ బయటికి రాగానే, రాసుకున్నవన్నీ పోయాయి.

"చూడలేదమ్మా," అన్నాడు. "ఫ్యాన్లు లేవు. కన్నాలున్నాయి, అవీ మూసేశారు. తొమ్మిదేళ్ల నుంచి ఆ పొగలోనే ఉన్నాడు."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. కాగితం తీసి ఒక గీత కొట్టి, కింద ఏదో రాసింది. "పదండి," అంది. ఇద్దరూ గబగబా మెట్లు దిగారు.

కిటికీ పక్క మంచానికి తెర లాగి ఉంది. గాలి గొట్టం చప్పుడు ఆగిపోయింది. నర్సు గడియారం చూసి టైము రాసుకుంటోంది. భార్య మందుల సంచి ఇంకా చేతికి ఉండగానే తమ్ముడి నుదురు మీద అరచెయ్యి వేసి నిలబడింది. జ్వరం చూస్తున్నట్టే ఉంది చూసేవాళ్లకు. డాక్టరమ్మ నాడి పట్టుకుని చూసి, చేతిని మెల్లగా దుప్పటి మీద పెట్టి వెళ్లిపోయింది.

భార్య తలెత్తింది. ఆయన మొహం చూసి జాలిపడింది.

"మీరెందుకంత కుమిలిపోతారు? వాడిని ఫ్యాన్లున్న చోట పెట్టించారు. సొంత అన్నైనా అంతకంటే ఏం చేస్తాడు?"

డాక్టరుకు చెప్పడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. చెప్పగలిగినవాడు లేడు, అడిగేవాళ్లు లేరు. ఈ జన్మకు ఆవిడ కళ్లలో ఆ జాలి అలాగే ఉంటుంది. దాని కింద బతకడం తనవల్ల కాదని ఆయనకు అప్పుడే అర్థమైంది.

"అక్కడ ఫ్యాన్లు లేవు," అన్నాడు. "ఒక్కటీ లేదు. నేనేనాడూ వెళ్లి చూడలేదు. చూశానని రాశాను."

ఆవిడ ఎవరో కొత్తమనిషిని చూసినట్టు ఆయన్ని ఒకసారి చూసి, వంగి తమ్ముడి దుప్పటి అంచు పాదాల దాకా లాగింది. బండి తోసుకుంటూ ఇద్దరు మనుషులు వచ్చి అతన్ని దాని మీదికి మార్చారు. ఆవిడ బండి అంచు పట్టుకుని దాని వెంట నడిచింది. తలుపు దగ్గర ఆగుతుందేమో, రమ్మంటుందేమో అని ఆయన చూశాడు. ఆగలేదు. ఆయన ఖాళీ మంచం పక్కనే ఉండిపోయాడు.

మంచం కింద బావమరిది రబ్బరు చెప్పులు మిగిలిపోయాయి. ఒకటి బోర్లాపడి ఉంది, అరిగిపోయిన దాని అడుగు నిండా గుచ్చుకున్న సన్నటి రాగితీగ ముక్కలు కిటికీలోంచి పడుతున్న ఎండకు మెరుస్తున్నాయి.