లాకప్పులోంచి పారిపోయిన మనిషి

బెయిలు ఎందుకు ఇవ్వలేదో చెప్పడానికి సుధాకర్ మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఈ అరబ్బు దేశంలో ఒక లాయరు దగ్గర అరబ్బీ కాగితాలు చదివిపెట్టే ఉద్యోగం అతనిది. తనలాగే రాయచోటి మనిషి గనుక రెడ్డెమ్మ నోరు ఎలాంటిదో అతనికి తెలుసు.

"అరుణజ్యోతి పారిపోయే మనిషంట అక్కా. ఇంట్లోంచి పరారయిందని కఫీల్ కంప్లయింటు ఇచ్చినాడు. అందుకే బయటికి ఇడిచేది లేదన్నారు."

అరుణజ్యోతి రెడ్డెమ్మ చెల్లెలు. ముబారక్ అల్ కబీర్‌లో కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చి తెప్పించుకున్న యజమాని ఇంట్లో, పనిమనిషి. పనివాళ్లు మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలి చేతి గడియారం కనపడలేదు. కనపడనివన్నీ పనిమనిషే తీస్తుందని ఆ ఇంటివాళ్లకు గట్టి నమ్మకం. అంట్లు తోముతున్న పిల్లను తడిచేతులతోనే పోలీసులు తీసుకుపోయారు. పాస్‌పోర్టు చూస్తే మామా బీరువాలో ఉంది. అది లేకుండా విమానం ఎలా ఎక్కుతుందని ఏ పెద్దమనిషికీ అనుమానం రాలేదు.

"ఏ తేదీన పరారయిందంట?" అంది రెడ్డెమ్మ.

సుధాకర్ కాగితం చూశాడు. "పద్నాలుగు."

"పోలీసులు పట్టుకపొయ్యింది?"

ఇంకో కాగితం తీశాడు. "పదకొండు."

"అంటే మూడు దినాలు లాకప్పులో కూర్చోని, మామా ఇంటికి పొయ్యి, ఆడ్నుంచి పారిపొయ్యి, మళ్లా లాకప్పుకే వచ్చిందా? మీ లాయరు ఇది సదవలేదా?"

"పనిమనిషి ఇంట్లో లేకపోతే ఆ కంప్లయింటు ఇచ్చేస్తారక్కా. అదొక అలవాటు."

"అలవాటంట! మా పిల్లను లోపలేసేది కూడా వీళ్లకు అలవాటే."

లాయరు సిగ్గుపడ్డాడో లేదో గానీ, ఆ రెండు తేదీలనే పట్టుకుని పైకి అప్పీలు వేశాడు. విచారణ రోజు రెడ్డెమ్మ తాను ఊడ్చే బడికి సెలవు పెట్టి కోర్టుకు వెళ్లింది. జడ్జి కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. వదిలితే పారిపోతుందని ప్రాసిక్యూటరు మళ్లీ అదే పాట పాడాడు. పోలీసుల చేతిలో ఉన్న మనిషి పద్నాలుగున ఎక్కడికి పారిపోయిందని జడ్జి అడిగాడు. బెయిలు వచ్చింది.

విడుదల కాగితంలో చిరునామా రాయాలి. గుమాస్తా రికార్డు చూసి కఫీల్ ఇల్లు రాయబోయాడు. దొంగ అని పట్టించిన ఇంటికే మనిషిని మళ్లీ పంపడంలో ఆ మహానుభావుడికి తప్పేమీ కనపడలేదు.

"అబూ హలీఫాలో నా రూము రాయమను," అంది రెడ్డెమ్మ.

సుధాకర్ ఆమెను పక్కకు లాగాడు. "వద్దక్కా. పరారీ కంప్లయింటు ఇంకా కొట్టెయ్యలేదు. పారిపోయిన మనిషిని ఇంట్లో పెట్టుకుంటే అదీ కేసే. నీ ఇఖామా పోతాది."

రెడ్డెమ్మకు భయం వేసింది. ఈ దేశంలో ఉండనిచ్చే ఆ కార్డును పన్నెండేళ్లుగా కాపాడుకొస్తోంది. అయినా భయంకన్నా ఒళ్లుమంటే ఎక్కువగా ఉంది. తన కార్డు తీసి గుమాస్తా ముందు పెట్టింది.

"బిల్డింగు నంబరు, అంతస్తు, తలుపు నంబరు, అన్నీ రాయమను సుధాకరా. రేపు నన్ను పట్టుకోను వచ్చేటోళ్లు దారి తప్పగూడదు."