ఈశాన్యం మూల కొండ

ఆదివారం కమలకుమారి బట్టలుతకాలంటే ముందు వంతెన ఎత్తాలి. మార్కమ్‌లో వాళ్ల ఇంటి బేస్‌మెంట్ అలాంటిది మరి. ఒక పక్క ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు, దాన్ని ఆనుకుని వాటర్ హీటరు, ఆ మూల వాషింగ్ మెషీను, ఈ మూల సోనామసూరి బస్తాలు. అది చాలదన్నట్టు ఆవిడ బావగారు, అంటే మొగుడి అన్న, వీరభద్రం గారి ట్రెడ్‌మిల్లు. "రెండు వారాలు ఉంచండమ్మా" అని దించి వెళ్లారు, ఏళ్లు గడిచిపోయాయి. ఇవన్నీ పోగా మిగిలిన జాగాలో పాత తలుపు చెక్కలు పరిచి, కమలకుమారి తన బొమ్మ రైలుకి ఒక ఊరు కట్టుకుంది. పట్టాలు వాషింగ్ మెషీను ముందు నుంచే పోవాలి కాబట్టి అక్కడో మడత వంతెన. మలుపు కాస్త బిగిస్తే చాలు, ఇంజను పక్కకి ఒరిగిపోతుంది. ఎన్నిసార్లు పీకి మళ్లీ వేసిందో ఆవిడకే తెలుసు. చివరికి కొండకి దొరికింది ఒక్క మూల. థర్మోకోలు, పాత పేపర్లు, ప్లాస్టరు, అంతే ఆ కొండ. దాన్లో ఓ సొరంగం.

ఆ సొరంగంలో దూరిన రైలు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అటుపక్క జానెడు దూరమే, అయినా ఒక్కోసారి కాఫీ తాగి కప్పు కడిగేంత సేపు పడుతుంది. వచ్చేటప్పుడు ఎక్కడి వానకో తడిసి వస్తుంది, ఎక్కడి దుమ్మో కొట్టుకుని వస్తుంది. అందుకే అక్కడో పాత తువ్వాలు పెట్టుకుంది.

"ఇవాళ తడిగా వచ్చిందా?" అని పైనుంచి మొగుడు జయదేవ్ అడుగుతాడు.

"తుడిచేశా" అంటుంది. అంతే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వీరభద్రం గారు పక్క ఊరు రిచ్‌మండ్ హిల్ నుంచి వచ్చారు. ఇడ్లీలు తిని, ఫోన్లో కంపాస్ తెరిచి, మెట్లు దిగారు.

"అనుకున్నా! ఈశాన్యంలో కొండ పెట్టావేంటమ్మా కమలా! ఈశాన్యంలో బరువుంటే పిల్లకి ఉద్యోగం ఎలా వస్తుంది?"

పిల్లంటే సాత్విక, కమలకుమారి అక్క కూతురు, వాళ్లింట్లోనే ఉంటోంది. బాపట్లలో అగ్రికల్చర్ చదివి, ఇక్కడికొచ్చి మాస్టర్స్ కూడా విత్తనాల మీదే చేసింది. "గింజలు పట్టుకుని ఏం చేస్తావే, మనవాళ్లంతా ఐటీ" అని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేర్పించింది ఈయనే. అప్పట్నుంచి కనపడిన ఆఫీసుకల్లా అప్లై చేస్తోంది, ఎక్కడా రాలేదు. వర్క్ పర్మిట్ చూస్తే ఆగస్టుతో సరి, తర్వాత సర్దుకుని వెళ్లిపోవాల్సిందే. మొన్న ఎక్కడో పడమటి మైదానాల్లోని సస్కటూన్‌లో ఒక విత్తనాల ల్యాబు వాళ్లు పిలిస్తే, "ఆ చలిలో ఎవరున్నారే నీకు?" అని దానికీ ఈయనే అడ్డు.

కమలకుమారికి ఒళ్లు మండిపోయింది. సలహా ఈయనది, నేరం థర్మోకోలు కొండదా?

"బావగారూ, ఆ కొండ రెండు వేళ్లతో లేస్తుంది. మరి పక్కనున్న మీ ట్రెడ్‌మిల్లు సంగతేంటి?"

"అది కదిలే వస్తువమ్మా. కదిలేదానికి దోషం లేదు."

"ఎవరు కదిపారు దాన్ని? తెచ్చినప్పట్నుంచి మీరు దాని మీద ఒక్కడుగు వేస్తే ఒట్టు!"

మెట్ల మీద జయదేవ్ కిసుక్కుమన్నాడు. అన్నగారు చూడగానే దాన్ని దగ్గుగా మార్చేశాడు.

వీరభద్రం గారు మొహం చిట్లించి ఫర్నేసు వైపు జరిగారు. ఇనుము పక్కకి వెళ్లేసరికి కంపాస్ ముల్లు గిర్రున తిరిగింది.

"ఇప్పుడు ఈశాన్యం వాషింగ్ మెషీన్లోకి పోయింది. దాన్నీ తీసేయమంటారా?"

"వెటకారాలొద్దమ్మా. జయా, సాయంత్రానికి ఆ కొండ తీయించరా. పిల్ల బతుకు."

"అన్నయ్య చెప్తున్నాడు కదా కమలా, ఇంకో పక్క కట్టుకో..."

"ఏ పక్క? చూపించండి ఏ పక్కో! మీ నెత్తి మీదా?"

"పిన్నీ, నా గురించి గొడవెందుకు, తీసేద్దాంలే" అంది సాత్విక.

ఆ మాటకి కమలకుమారికి అందరి మీదకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఎవరేం చెప్పినా తలూపి తలూపి కదా ఈ పిల్ల ఇలా అయింది!

"సరే, తీసేద్దాం. తీసేముందు బండి ఒక్క చుట్టు తిరుగుతుంది" అని కంట్రోలర్ తిప్పింది.

రైలు వంతెన దాటింది, సొరంగంలో దూరింది. రాలేదు. కాఫీలయ్యాయి. వీరభద్రం గారు వాచీ చూసుకున్నారు.

"ఏంటమ్మా, ఇంకా రాలేదు?"

"లేటు."

అప్పుడొచ్చింది. పెట్టెల మీద పసుప్పచ్చగా పూలు, కాడలూ ఆకులతో సహా. కిటికీ అవతల మంచు మోకాల్లోతు ఉంది, ఇక్కడేమో పూలలోంచి ఒక తేనెటీగ లేచి ఫర్నేసు మీద వాలింది.

"జులైలో బయల్దేరుంటుంది" అన్నాడు జయదేవ్. "మన వైపు బళ్లతో పోలిస్తే నయమే."

"ఆవపూలమ్మా అవి" అన్నారు వీరభద్రం గారు.

"కాదు పెదనాన్నా." సాత్విక వంతెన కింద నుంచి దూరి వెళ్లి ఒక కాడ తీసింది. "ఇది కనోలా, ఇక్కడి నూనెగింజల పంట. ఆకు చూడండి, కాడని ఎలా పట్టుకుందో. ఆవాకు ఇలా పట్టుకోదు." ఆ పిల్ల గొంతు అంత గట్టిగా విని ఎన్నాళ్లయిందో. "సస్కటూన్ చుట్టుపక్కలంతా ఇదే పెదనాన్నా, కంటికి ఆనినంత దూరం." కాడ పట్టుకునే పిన్ని వైపు తిరిగింది. "పిన్నీ, ఆ ల్యాబు వాళ్ల మెయిల్ నేను డిలీట్ చేయలేదు."

"మరి ఇక్కడేం చేస్తున్నావే? పైకెళ్లు!"

"అదికాదే, అక్కడ చలి..." అన్నారు వీరభద్రం గారు.

"చలి ఇక్కడా ఉంది పెదనాన్నా" అని మెట్ల మీద నుంచే చెప్పింది.

కొండ జోలికి మళ్లీ ఎవరూ రాలేదు. ట్రెడ్‌మిల్లు మాత్రం ఆ సాయంత్రమే వీరభద్రం గారి వ్యాన్‌లోకి ఎక్కింది. ఒక కొస జయదేవ్, రెండో కొస కమలకుమారి పట్టుకున్నారు. "బరువు బావగారూ, ఈశాన్యంలో ఉండకూడదుట" అంది ఆవిడ.

మే నెలలో సాత్విక సస్కటూన్ వెళ్లి ల్యాబులో చేరింది. పర్మిట్ పొడిగింపు పనులు వాళ్లే మొదలుపెట్టారు.

వీరభద్రం గారు ఊరుకుంటారా? ఎవరింట భోజనాలకి కలిసినా అదే మాట. "ఈశాన్యంలో బరువు తీయించింది నేనే. తీయించాక చూడండి, పిల్లకి ఉద్యోగం!"

వేరే వాళ్లిళ్లలో అయితే కమలకుమారి పళ్లు కొరుక్కుని ఊరుకుంటుంది. తనింట్లో అయితే మాత్రం ఆయన గొంతు సవరించుకోగానే కిందికి దిగిపోతుంది. ట్రెడ్‌మిల్లు పోయిన చోట ఇప్పుడు కొత్త స్టేషనుంది. అక్కడ నిలబడి కూత మీట నొక్కుతుంది. నొక్కి, ఆయన కథ అయ్యేదాకా వదలదు.