మంచు కొలిచిన చపాతీ పీట

నేను ఒక చపాతీ పీటనని సత్యవేణి అంటుంది. వాతావరణ పరికరాన్నని ఆమె భర్త భాస్కరమూర్తి అంటాడు. ఆ సాయంత్రం ఇంట్లో గొడవ నా గురించే.

"ఏవండీ, నా పీట మళ్ళీ మంచులో పెట్టారా?"

"కొత్త కొలతపలక వచ్చేదాకా సర్దుకోవే. అదిప్పుడు ఆఫీసు సామాను."

"అయితే చపాతీలు మీ ఆఫీసులోనే వత్తుకు రండి."

చివరికి ఆరింటిదాకా ఆమెకు, ఆ తర్వాత ఆయనకు అని రాజీ కుదిరింది. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఆఫీసే అనేదాన్ని.

తునిలో ఒక వడ్రంగి తలుపు చేయగా మిగిలిన టేకుముక్కకు మూడు కాళ్ళు తగిలిస్తే నేనయ్యాను. సత్యవేణి అత్తగారు పదిహేనేళ్ళు నా మీద పూరీలు వత్తి, కోడలికి అప్పగించింది. ఉత్తరాఖండ్ కొండల్లో ఒక స్కీయింగ్ స్కూల్లో భాస్కరమూర్తికి వాతావరణం చూసే ఉద్యోగం రావడంతో, గోనెసంచిలో పప్పుగుత్తి పక్కన కూర్చుని నేనూ వచ్చాను. ఆయనకు సుగర్ వచ్చి రాత్రిళ్ళు చపాతీలు మొదలయ్యాక నాకు తీరిక లేదు. ఆయన కొలతపలక గాలికి ఎగిరి విరిగిన రోజున నాకు ప్రమోషన్ కూడా వచ్చింది. పనల్లా ఆరుబయట కదలకుండా కూర్చోవడం. నా మీద ఎంత మంచు పేరుకుందో కొలిచి, రాత్రికి తుఫాను వస్తుందో లేదో ఆయన చెబుతాడు. ఆ మాట మీదే స్కీయర్లు పొద్దున్నే పై వాలుకు వెళ్తారు. కొన్నాళ్ళకు మంచు కురిసేది నన్ను అడిగేననుకునే స్థితికి వచ్చాను.

ఆ రాత్రి ఎనిమిదింటికి ఆయన నన్ను మంచుతో సహా తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"రెండు గంటల్లో అర వేలు మందం. తేలికపాటి మంచే. హారికా, రేపు మీరు వెళ్ళొచ్చు."

హారిక వాళ్ళమ్మాయి, ఆ స్కూల్లోనే స్కీయింగ్ నేర్పుతుంది. ఎనిమిది మందిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. నా ఒక్క మాట మీద తొమ్మిది ప్రాణాలు! గర్వంతో నా మూడు కాళ్ళూ నేల మీద ఆనలేదు. బల్ల మీద ఉన్నాననుకోండి.

వడ్డిస్తున్న సత్యవేణి కిటికీలోంచి చూసింది. టార్చి తీసుకుని బయటికి వెళ్ళి, బోర్లించిన బకెట్‌ను ఒరగకుండా పట్టుకుని వచ్చింది.

"దీన్ని ఆరింటికే తుడిచి బోర్లించాను. చూడండి, దీని మీద నాలుగు వేళ్ళ మంచు."

భాస్కరమూర్తి గోటితో నా మీది మంచు గీకాడు. అడుగున గాజులా గడ్డకట్టిన నీళ్ళు.

"పొయ్యి పక్కన కాగిన పీటని అలాగే ఎత్తుకెళ్ళారు. ముందు పడ్డదంతా కరిగిపోయింది," అంది సత్యవేణి.

తుఫాను నా నెత్తినే మొదలైతే, ఒళ్ళు వెచ్చగా ఉందని మురిసిపోయింది నేనే. ఎంత పరికరాన్నైనా వంటింటి వేడి మరవలేదు మరి.

"నాన్నా, వాళ్ళు వారం నుంచి రేపటి కోసమే కూచున్నారు. అమ్మ బకెట్ చూసి ఆపేశామని చెప్పనా?"

"చెప్పు. పీటని నమ్మి పంపామని చెప్పుకోవడం కంటే నయం. రేపు ఎవ్వరూ పైకి వెళ్ళరు."

ఆయన రెండో చపాతీకి చెయ్యి చాపాడు. సత్యవేణి పళ్ళెం ఇవతలికి లాక్కుంది.

"ఇవాళ్టి నుంచి పీట రాత్రీ పగలూ బయటే ఉంటుంది. మీకు రాత్రిళ్ళు రాగి సంకటి. దానికి పీటతో పనిలేదు."