ఎత్తు ప్రకారం

పుస్తకం లేదు.

లిఫ్టు మెకానిక్ వంగి చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. తోటపని పుస్తకాల ర్యాకులో, కింది నుంచి రెండో అరలో, కుడివైపు చివర, గులాబీల పెంపకం మీది లావుపాటి పుస్తకం పక్కన, ఎనిమిది శనివారాలుగా తన పుస్తకం ఉండే చోట నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. అంతే.

నీలం అట్ట. ఆరు వందల పేజీలు. లిఫ్టుల నిర్వహణ మీద అంతకు మించిన పుస్తకం లేదంటారు. దాని ముద్రణ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో ఉన్నది ఒక్కటే కాపీ, అదీ ఈ పబ్లిక్ లైబ్రరీలో, అదీ ఇంటికివ్వనిది. ఇక్కడే కూర్చుని చదవాలి. ఫోనుతో ఫొటోలు తీయకూడదని గోడ మీద నోటీసు ఉంది. తీసినా అతనికి ఉపయోగం లేదు. చేత్తో రాస్తే తప్ప బుర్రకెక్కదు. అందుకే వారానికో అధ్యాయం చొప్పున నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాడు. ఎనిమిది అయ్యాయి. మిగిలింది తొమ్మిదోది, బ్రేకులు. కిందటి రెండుసార్లూ సూపర్‌వైజర్ పరీక్షలో అతన్ని ముంచినవి ఆ బ్రేకుల లెక్కలే. ఎల్లుండి సోమవారం మూడోసారి రాయబోతున్నాడు. మూడే ఛాన్సులు. నాలుగోది ఇవ్వరు.

గోడగడియారం మూడూ పది చూపిస్తోంది. ఐదింటికి మూసేస్తారు. రేపు ఆదివారం, సెలవు.

జేబులో ఫోను వణికింది. మర్యాద తెలిసినవాడు కాబట్టి వరండాలోకి వెళ్ళి ఎత్తాడు. బావమరిది, కిందటిసారి అదే పరీక్ష పాసై సూపర్‌వైజరైనవాడు.

"ఏం బావా, చదువు సాగుతోందా?"

"ఆ, సాగుతోంది."

"మరీ కష్టపడకు. పాసు కాకపోయినా కొంపలేం మునగవు. నా కింద పని చేయడానికి నీకు నామోషీ ఏంటి? ఇంట్లోవాళ్ళమేగా!"

"స్పానర్ ఎటు పట్టుకోవాలో నీకు నేర్పింది నేనురా."

"అందుకేగా బావా గౌరవం! నీ హాజరు మీద సంతకం పెట్టేటప్పుడు కూడా నిలబడే పెడతాలే."

మెకానిక్ ఫోను పెట్టేసి లోపలికొచ్చాడు. ఒళ్ళు మండుతోంది. ఆ మంటలో హాలంతా ఒకసారి కలయజూశాడు. ఎవడు తీశాడు?

అనుమానించడానికి మనుషులకు కొదవ లేదు. కిటికీ దగ్గర ఒకాయన ఫోను స్పీకరులో పెట్టి, ఎవరిదో ఆపరేషన్ సంగతి అందరికీ వినిపిస్తున్నాడు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు చెరో కుర్చీలో కూర్చుని, చెరో కుర్చీ మీద కాళ్ళు పెట్టి, ఐదో కుర్చీలో సంచులు పెట్టారు. ఒకావిడ అట్లాసు తెరిచి దాని మీద బిస్కెట్లు తింటోంది. ఖండాల మీద పొడి రాలుతోంది. మూలన పేపరు పెద్దాయన ఒక దినపత్రిక చదువుతూ, మరొకటి ఒళ్ళో ఉంచుకుని, ఇంకొకదాని మీద కూర్చున్నాడు. ఇలాంటివాళ్ళ మధ్య పుస్తకం పోకుండా ఉంటుందా అనుకున్నాడు మెకానిక్. తను ఇన్ని వారాల్లో కుర్చీ కూడా చప్పుడు కాకుండా జరిపాడు.

ర్యాకంతా వెతికాడు. పక్క ర్యాకు వెతికాడు. బల్లల కింద కూడా చూశాడు. మూడున్నరయింది. ఇక లాభం లేదని లైబ్రేరియన్ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. అతను మోకాళ్ళ మీద కూర్చున్నప్పటి నుంచీ ఆమె అతన్నే చూస్తోంది. ఆ సంగతి అతనికి తెలియదు.

"మేడమ్, ఒక పుస్తకం కనిపించట్లేదు." గొంతు తగ్గించి పేరు చెప్పాడు.

ఆమె రిజిస్టరు తెరవలేదు. "అది ఆరో ర్యాకులో ఉండాలి. యంత్రాల దగ్గర. మరి మీరు తోటపని దగ్గర ఎందుకు వెతికారు?"

"అది అక్కడే ఉంటుంది మేడమ్."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేంటి? ఎనిమిది వారాలుగా నేనేగా అక్కడ పెడుతున్నది."

ఆమె కుర్చీ కిర్రుమంది. ఆ హాల్లో ఆమె కుర్చీ చప్పుడు చేయడం అంతవరకూ ఎవరూ వినలేదు.

"దొరికావయ్యా," అంది.

వెనక్కి తిరిగి, గోడనున్న ఇనుప బీరువా తాళం తీసింది. పై అరలో నీలం అట్ట. అతను నిలబడ్డ చోటికి మూడు బారల దూరం.

"రెండు నెలలు వెతికాను దీనికోసం. బుధవారం గులాబీల పక్కన దొరికింది. దాచినవాడు దాచిన చోటికే వస్తాడని తీసి తాళం వేసి కూర్చున్నాను. మూడు రోజులుగా అన్నం కూడా ఆ ర్యాకు వైపు తిరిగే తింటున్నా."

"దాచడమేంటి మేడమ్!" అతని గొంతు పైకి లేచింది. "తీసిన వస్తువు దాని చోట్లో పెట్టాను!"

"ష్!" అన్నాడు కిటికీ దగ్గర స్పీకరు ఫోనాయన, కోపంగా.

పేపరు పెద్దాయన మూడు పత్రికలూ పట్టుకుని లేచొచ్చాడు. "అమ్మా, ఈ అబ్బాయిని ఏమీ అనకండి. ఇంత మర్యాదస్తుణ్ణి నేను చూడలేదు. నేను ముప్ఫై ఏళ్ళుగా వస్తున్నాను, చెబుతున్నా. సాయంత్రం మీరు పైకి కిటికీలు వేయడానికి వెళతారు చూడండి, అప్పుడు ఇతను బల్లల మీద ఒక్క పుస్తకం వదలడు. తనవే కాదు, అందరివీ ఎత్తి లోపల సర్దేసి మరీ వెళతాడు."

"అందరివీనా?"

"అందరివీ! ప్రతి శనివారం!"

లైబ్రేరియన్ నెమ్మదిగా కూర్చుంది. అతని తల పైనున్న నోటీసు వైపు వేలు చూపించింది. చదివిన పుస్తకాలు బల్ల మీదే వదలండి. అరల్లో పెట్టకండి. పెద్ద అక్షరాలు. కింద రెండు ఎర్ర గీతలు.

"అది చూడలేదా?"

"చూశాను మేడమ్. మర్యాదకి రాశారనుకున్నా."

"మర్యాదకా?"

"ఎవరింటికైనా వెళితే గ్లాసు అక్కడే వదిలేయండి, మేం తీస్తాం అంటారు కదా. అలాగని వదిలేసి వస్తామా? తీసుకెళ్ళి లోపల పెడతాం."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. "సరే. గులాబీల పక్కనే ఎందుకు?"

"ఎత్తు సరిపోయింది."

"ఏంటీ?"

"ఎత్తు మేడమ్. మా వర్క్‌షాపులో స్పానర్లు బోర్డు మీద సైజు ప్రకారం ఉంటాయి. చిన్నది ఎడమ, పెద్దది కుడి. సాయంత్రం ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఎవర్నీ ఇంటికి పోనివ్వరు. లిఫ్టు కప్పు మీద మరిచిపోయిన స్పానర్ కింద ఎవడి నెత్తిన పడుతుందో తెలీదు. ఇరవై ఏళ్ళ అలవాటు. ఇక్కడ చూస్తే పొట్టీ పొడుగూ కలగాపులగంగా ఉన్నాయి. పాపం, మీకు మనుషులు చాలరేమో అనుకుని..."

"పుస్తకం వెన్ను మీద నంబరుంటుంది. చూశావా?"

"ధర నంబరు అనుకున్నా."

ఆమె రిజిస్టరు లాగి తెరిచి అతని ముందుకు తోసింది. ఒక పేజీ నిండా పుస్తకాల పేర్లు, పక్కన ఒకటే మాట: కనబడుట లేదు. నలభై ఒకటి. "వీటి కోసం పై ఆఫీసువాళ్ళు నా సంజాయిషీ అడిగారు. నేను ఈ హాల్లో దొంగని వెతుకుతున్నా రెండు నెలలుగా. అదిగో, ఆ బిస్కెట్లావిణ్ణి అనుమానించాను. ఆ కుర్రాళ్ళ సంచులు కూడా వెతికించాను."

మెకానిక్ ఆ పేర్లన్నీ కింది దాకా చదివాడు. గడియారం మూడూ నలభై అంటోంది.

"తప్పయింది మేడమ్. అన్నీ సర్దేస్తాను. ముందు ఆ పుస్తకం ఒక్క గంట ఇవ్వండి. ఒకే ఒక్క అధ్యాయం. ఎల్లుండే పరీక్ష."

"ఆ అమ్మాయికీ ఎల్లుండే, అదే పరీక్ష."

"ఏ అమ్మాయికి?"

రిజిస్టరు మరో పేజీ తిప్పింది. ఆ నీలం అట్ట పుస్తకమే కావాలని ఐదు తేదీల్లో ఐదు సంతకాలు. అన్నీ ఒకే చేతివి. "షాపింగు కాంప్లెక్సులో ఎస్కలేటర్లు చూస్తుంది. ఐదుసార్లు వచ్చి ఉత్త చేతులతో పోయింది. దొరికిందని బుధవారమే ఫోను చేశా, సెలవు దొరకలేదట. ఇవాళ నాలుగింటికొస్తానంది. పుస్తకం ఆమెకే. నీకు ఇవి." జాబితా కాగితం చేతిలో పెట్టింది. "నలభై ఒకటి."

అతను ర్యాకుల మధ్యకి పరిగెత్తాడు. పుస్తకాలు పట్టుకోవడం కష్టం కాలేదు. పేరు చదివితే ఎత్తు గుర్తొచ్చేది, ఎత్తుని బట్టి చోటు. బట్టలు కుట్టడం మీది పల్చటిది కవిత్వంలో దొరికింది. పన్నుల చట్టం పిల్లల కథల్లో నిటారుగా నిలబడి ఉంది. తిరిగి పెట్టడమే చచ్చేచావుగా ఉంది. నంబరు, నంబరు మధ్యలో చుక్క, చుక్క తర్వాత మళ్ళీ నంబరు. ఒక్కో పుస్తకానికి మూడు నిమిషాలు. పక్కపక్కన జానెడు పుస్తకం, మూరెడు పుస్తకం పెట్టాల్సి వస్తే చేయి రావడం లేదు.

నాలుగూ పదికి ఆ అమ్మాయి వచ్చింది. యూనిఫారం కూడా మార్చుకోలేదు, మోచేతి దగ్గర గ్రీజు మరక. లైబ్రేరియన్ ఏదో చెప్పింది. ఆమె నేరుగా అతని దగ్గరికొచ్చింది.

"మీరేనా అన్నా?"

"నేనేనమ్మా."

"ప్రతిసారీ రెండు బస్సులు మారి వచ్చాను. ఐదుసార్లు." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. "తొమ్మిది అధ్యాయాలు, గంట టైము. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి."

వెళ్ళి కూర్చుంది. మొదటి పేజీ తెరిచింది. మెకానిక్ చేతిలో పన్నెండో పుస్తకం ఉంది. ఆమె పేజీలు తిప్పే చప్పుడు వింటూ మరో రెండు పెట్టాడు. తర్వాత తన సంచిలోంచి నోటుబుక్కు తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఎనిమిది అధ్యాయాలు ఇందులో ఉన్నాయి. బొమ్మలతో సహా. తీసుకెళ్ళమ్మా. రాశాను కాబట్టి నాకు గుర్తున్నాయి. లేనిది తొమ్మిదోది. అది నువ్వు చదివితే, కాస్త పైకి చదువు. నేను సర్దుకుంటూ వింటాను."

ఆమె నోటుబుక్కు తిరగేసింది. పది పేజీల తర్వాత అతని వైపు చూసింది. "దస్తూరీ కోడి కెలికినట్టుంది," అంది. తొమ్మిదో అధ్యాయం తీసి గొంతు సవరించుకుంది.

"ష్!" ఈసారి లైబ్రేరియనే. "ఇది లైబ్రరీ."

అలా నలభై నిమిషాలు. అమ్మాయి మనసులో చదువుకుంది, పెదాలు కదుపుతూ. అతను ఆ పెదాల వైపు చూస్తూ పుస్తకాలు పెట్టాడు. పెదాల్లోంచి బ్రేకుల లెక్కలు ఎవరికి తెలుస్తాయి? స్పీకరు ఫోనాయన అవతలివాళ్ళకి మందుల పేర్లు చెబుతున్నాడు, అవి మాత్రం స్పష్టంగా వినిపిస్తున్నాయి. మెకానిక్ పళ్ళు నూరాడు.

ఐదింటికి గంట మోగింది. అందరూ లేచారు. పేపరు పెద్దాయన పోతూ పోతూ మెకానిక్ భుజం తట్టి, "ఏం బాధపడకు నాయనా, నేను సాక్ష్యం చెప్పాగా," అన్నాడు.

హాలు ఖాళీ అయింది. అతని జాబితాలో ఇంకా పదహారు మిగిలాయి.

"పాఠకులు వెళ్ళిపోవాలి," అంది లైబ్రేరియన్ ఎటో చూస్తూ. "పుస్తకాలు సర్దేవాళ్ళు ఆరింటిదాకా ఉండొచ్చు. రూలుంది."

అమ్మాయి పుస్తకం మూయబోయింది. "మరి నేను?"

"నువ్వూ సర్దేదానివే. కూర్చుని సర్దు."

లైబ్రేరియన్ తన బల్ల మీదున్న నిశ్శబ్దం బోర్డు తీసి బోర్లా పెట్టింది. "కానివ్వు. పైకి చదువు."

అమ్మాయి మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. "కరెంటు ఉన్నంతసేపూ బ్రేకు తెరుచుకుని ఉంటుంది. కరెంటు పోగానే స్ప్రింగు దాన్ని..."

"అది తెలుసు. లెక్కలకి రా."

"అన్నా, పదకొండు పేజీలు. వరసగా రానివ్వండి."

లెక్కలొచ్చాయి. ఆమె చదువుతుంటే అతని వేళ్ళు గాల్లో రాసుకుంటున్నాయి. పుస్తకం జారి కింద పడింది. "ఆగమ్మా, ఆ సంఖ్య మళ్ళీ చదువు." చదివింది. "మళ్ళీ." చదివింది. "ఏమయ్యా, అది చరిత్ర కాదు, వంట!" అని లైబ్రేరియన్ అరిచింది. అతను తీసి వంటలో పెట్టేసరికి అమ్మాయి ఇంకో సంఖ్య దాటిపోయింది. "అయ్యో, ఆగమన్నానా!" "మీరు అనలేదు." "మనసులో అన్నాను!" ముగ్గురికీ విసుగే. ఆ హాలు కట్టిన నాటి నుంచీ అందులో అన్ని మాటలు ఎవరూ మాట్లాడి ఉండరు.

ఆరుకి ఐదు నిమిషాలు. మూడు పుస్తకాలు. రెండు పేజీలు. అసలు పట్టిక ఆ రెండు పేజీల్లోనే ఉంది, అతన్ని రెండుసార్లు ముంచిన పట్టిక.

లైబ్రేరియన్ తాళంచెవుల గుత్తి తీసింది. గడియారం చూసింది. లేచి వచ్చి అతని చేతిలోంచి మూడు పుస్తకాలూ లాక్కుంది.

"ఇవి నేను పెడతా. నువ్వెళ్ళి రాసుకో. ఊరికే నిలబడతావేం?"

అతను అమ్మాయి పక్కన కూర్చున్నాడు. తన నోటుబుక్కులోనే చివరి కాగితం చింపుకుని పట్టిక దించుకున్నాడు. సంఖ్యలు ఒక్కొక్కటే లోపలికి దిగాయి. ఆఖరి వరుస ముగిసేసరికి ఆరూ పది.

నోటుబుక్కు అమ్మాయి సంచిలోకి వెళ్ళింది. కాగితం అతని చొక్కా జేబులోకి వెళ్ళింది. లేస్తూ అతను నీలం అట్ట పుస్తకం చేతిలోకి తీసుకుని ర్యాకు వైపు రెండడుగులు వేశాడు.

"అన్నా!"

"ఏమయ్యా!"

ఇద్దరూ ఒకేసారి అరిచారు. అతను ఆగిపోయాడు. వెనక్కొచ్చి పుస్తకాన్ని బల్ల మీద, నడిమధ్యన, ఒంటరిగా పెట్టాడు. తలుపు దాకా వెళ్ళి ఒకసారి తిరిగి చూశాడు.

"మేడమ్, రాత్రంతా అలాగే పడి ఉంటుందా?"

"ఉంటుంది."

"కనీసం కాస్త పక్కకి..."

"లైటు ఆపుతున్నా," అంది ఆమె.